దుమ్ము నేలలో రేంజ్‌ఫైండరు కెమెరా

తెలుగున దుమ్మునకు పేర్లు తక్కువ కావు. ధూళి, రజము, రేణువు, పరాగము అని ఒక్కొక్క సందర్భమున ఒక్కొక్కటి వాడుదుము. పశువులు ఇల్లు చేరు వేళకు గోధూళి వేళ అని పేరు. ఆ వేళను పెండ్లి లగ్నమునకు సయితము ఎన్నుకొందురు. ఉర్దూలో గర్ద్, ఖాక్, గుబార్ అను మాటలు మూడును దుమ్మునే చెప్పినను మూటి రంగు వేరు. కంటికి ఆననంత సన్నని అక్షరములు వ్రాయు లిపికి ఖత్తె గుబార్, అనగా దుమ్ము లిపి, అని పేరు. నీరు దొరకని చోట శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసి నమాజునకు నిలువవచ్చునని ధర్మము అనుమతించుచున్నది. ఇంత గౌరవము పొందిన దుమ్ము కెమెరా చేతబట్టిన వానికి మాత్రము శత్రువుగా తోచును. ఆ శత్రుత్వము ఎంతవరకు నిజమో, అందులో మన చేతి పాలు ఎంతయో చెప్పుట ఈ వ్యాసము పని.

కెమెరా బీరువాలో భద్రముగా ఉండవలెనని పెద్దలును, బయటికి కొనిపోవలెనని విద్యార్థులును వాదులాడుకొనుట అనేక కళాశాలలలో ఉన్నదే. పెద్దల వాదమునకు ఆధారము దుమ్ము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము నడుమ వేసవిలో తిరిగిన వారెవరును ఆ భయమును కొట్టివేయజాలరు. కాని బీరువాలో మూసి ఉంచిన కెమెరాకు వానకాలపు తేమ వలన లెన్సులో బూజు పట్టును. అది లెన్సు మీది పూతను, తుదకు గాజును తినును. దుమ్మును ఊదివేయవచ్చును, బూజు తిన్న గాజు తిరిగి రాదు. దుమ్ములో కెమెరాను వాడవచ్చును. తరచుగా దానిని చెడగొట్టునది దుమ్ము కాదు, ఆ దుమ్మును తొందరపడి తుడుచు చేయి. మేము చెప్పదలచినది ఇంతే.

ఇట్లు చెప్పుటకు కారణము ఈ నేలలోనే ఉన్నది. ఈ సీమ మట్టి చాలవరకు గ్రానైటు, నైసు శిలలు శిథిలమై ఏర్పడినది. గ్రానైటులో ముఖ్యమైన ఖనిజములు మూడు: పలుగురాయి, ఫెల్‌స్పారు, అభ్రకము. ఎండకు వానకు యుగములు గడువగా ఫెల్‌స్పారు మెత్తని బంకమన్నుగా మారును. అభ్రకము రేకులు రేకులుగా విడిపోవును. పలుగురాయి మాత్రము మారక, పగిలి పగిలి రవ్వలుగా మిగులును. మట్టికి ఎరుపు ఇనుము తుప్పు వలన వచ్చినది. కాని ఆ ఎర్రని పొడిలో దాగియున్న తెల్లని రవ్వయే మనము భయపడవలసినది. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ కొలతలో పలుగురాయి 7. మామూలు గాజు సుమారు 5½. ఫిల్ము మీది జిలటిన్ పొర గోటికే గీత పడును. చొక్కా అంచుతోనో చేతిరుమాలుతోనో లెన్సును చటుక్కున తుడుచుటయన్నచో గాజును ఉప్పుకాగితముతో రుద్దుటయే. చెరువు అడుగున ఎండిన నల్లని బంకమన్ను పొడి ఇంత కఠినము కాదు. అది మరక చేయును గాని కోయదు.

ఇక యంత్రము సంగతి. రేంజ్‌ఫైండరును దూరమాపకము అని చెప్పుకొనవచ్చును. కెమెరా ముఖమున, కొన్ని అంగుళముల ఎడముగా రెండు చిన్న కిటికీలు ఉండును. ఒక కిటికీ గుండా నేరుగా వచ్చు బొమ్మయు, రెండవ దాని గుండా అద్దము మీదుగా వచ్చు బొమ్మయు కంటి వద్ద ఒకదానిపై ఒకటి పడును. లెన్సు వలయమును త్రిప్పగా ఆ రెండు బొమ్మలు ఎప్పుడు ఒకటిగా కలియునో అప్పుడు దూరము సరిగా కుదిరినట్లు. బడిలో చదువుకొన్న త్రిభుజపు లెక్కయే ఇందులో ఉన్నది. ఓస్కార్ బార్నాక్ నమూనా నుండి పుట్టిన లైకా 1925లో అంగడికి వచ్చినది. లెన్సుతో ముడివడిన దూరమాపకము 1932లో లైకాకును, అదే యేట జైస్ వారి కంటాక్సునకును అమరినది. 1954 నాటి లైకా ఎం3, 1966 నాటి యాషికా ఎలక్ట్రో 35 ఇప్పటికిని పాత కెమెరాలు అమ్ము చోట్ల చేతులు మారుచున్నవి. గాంధీజీ చివరి దినములను, అంత్యయాత్రను ఆంరీ కార్టియే బ్రెస్సాన్ తీసినది ఇట్టి చిన్న లైకాతోనే.

దుమ్ము దృష్టితో చూచినచో ఈ కెమెరాకు ఒక లాభము, ఒక అపాయము కలవు. లాభము: లోపల ఎగిరిపడు అద్దము లేదు, ముందుకు వెనుకకు జరుగుచు గాలిని పీల్చు జూము లెన్సు లేదు. యాషికా వంటి వానికి లెన్సు ఊడదీయుట అనునదే లేదు. కనుక దుమ్మునకు ద్వారములు తక్కువ. అపాయము: మన కన్ను ఒక కిటికీ గుండా చూచును, ఫిల్ము వేరొక కిటికీ గుండా చూచును. లెన్సు మీద వ్రేలిముద్ర పడినను, బురద చుక్క చిందినను, తుదకు మూత పెట్టియే ఉన్నను, వ్యూఫైండరులో లోకము నిర్మలముగా కనబడుచునే ఉండును. ఎస్సెల్లారు కెమెరా తన ముఖము మీది మురికిని యజమానికి చూపును; రేంజ్‌ఫైండరు చూపదు. కావున ప్రతి పది చిత్రములకు ఒకసారి కెమెరాను త్రిప్పి లెన్సు ముఖమును చూచుట అలవాటు కావలెను.

మూత విషయమున మరియొక చిక్కు ఉన్నది. లైకా, జోర్కి వంటి గుడ్డ షట్టరు గల కెమెరాలలో లెన్సునకును షట్టరునకును నడుమ అడ్డముగా అద్దము లేదు. మూత లేని లెన్సు నడిమధ్యాహ్నపు సూర్యుని వైపు తిరిగినచో, భూతద్దముతో కాగితము కాల్చినట్లే, షట్టరు గుడ్డకు రంధ్రము పడవచ్చును. నడచునప్పుడు మూత ఉండవలెను. తీయునప్పుడు మరువక తొలగింపవలెను. మూతకు ఎర్రదారము కట్టి వ్రేలాడదీయుట వినుటకు హాస్యముగా ఉండును గాని, మేము చూచిన ఉపాయములలో మేలైనది అదియే. లెన్సు ముందు సాదా గాజు ఫిల్టరును ఇంటివద్దనే, దుమ్ము లేని గదిలో, బిగించుకొనవలెను. గీత పడినచో మార్చుకొనునది అదే, లెన్సు కాదు.

ఇతర కెమెరాలకు చెప్పు ప్లాస్టిక్ సంచి ఉపాయము దీనికి అంతగా పనికిరాదు. సంచికి లెన్సు కొరకు ఒక రంధ్రము, కంటి కొరకు ఒక రంధ్రము చేసినచో ఎస్సెల్లారునకు చాలును. దీనికి లెన్సు, వ్యూఫైండరు, దూరమాపకపు చిన్న కిటికీ, కంటి గాజు, నాలుగును తెరచి ఉండవలెను. నాలుగు రంధ్రముల సంచి సంచి కాదు. వాడనప్పుడు చుట్టి ఉంచుటకు మాత్రము మంచిదే. తోలు పెట్టె విషయమున మా అభిప్రాయము కఠినము: దాని లోపలి మెత్తని అస్తరు ఏళ్ల తరబడి దుమ్మును దాచి, కెమెరాకు నిత్యము కొంచెము కొంచెముగా వడ్డించును. మూత గట్టిగా పట్టు డబ్బాలో, ఉతికిన పాత మల్లుగుడ్డలో చుట్టి ఉంచుట మేలు.

మదనపల్లెలో మొదటి పాఠము టమోటా మార్కెట్టు వద్ద నేర్చుకొనవచ్చును. తెల్లవారుజాము నుండి లారీలు, ట్రాక్టర్లు, క్రేట్లు దించువారు, వేలము పాడువారు. నేల ఒక చోట టమోటా రసముతో తడి, ఒక చోట ఎండి పొడి. ఇచ్చటి దుమ్ములో మట్టితో పాటు నార పీచు, ఎండుగడ్డి తునుకలు ఉండును. పీచు లెన్సునకు హాని చేయదు. కాని ఫిల్ము మార్చు వేళ లోపల చొరబడినచో చిత్రము అంచున వెండ్రుక వలె నిలిచిపోవును. కనుక ఫిల్మును బయట మార్చరాదు. గాలికి వీపు పెట్టి, నీడలో, వీలైనచో అద్దములు మూసిన వాహనములో మార్చవలెను. ఫిల్ము చుట్టకు వెలుతురు చొరకుండ కుట్టిన నల్లని మకమలు పెదవి ఉన్నదే, అది దుమ్మును పట్టి ఉంచుటలో ఘనాపాఠి. ఆ పెదవిలో చిక్కిన ఒక్క రవ్వ ఫిల్ము నడచిన కొలది మొదటి చిత్రము నుండి 36వ చిత్రము వరకు ఒకే గీత గీయును. అందుచేత చుట్టను దాని డబ్బాలోనే ఉంచి, చివరి నిమిషమున తీసి, పెదవిని ఊది లోపల పెట్టవలెను. ఆరు చిత్రములు మిగిలియున్నను సరే, దుమ్ములోనికి అడుగిడుటకు ముందే క్రొత్త చుట్ట వేసికొనుట లోభము కాదు, లాభము. తీసిన ఫిల్మును తిరిగి చుట్టునప్పుడు నెమ్మదిగా చుట్టవలెను. గాలి మిక్కిలి పొడిగా ఉన్న దినములలో వేగముగా చుట్టినచో ఒరిపిడికి విద్యుత్తు పుట్టి, ఫిల్ము మీద మెరపు తీగల వంటి గుర్తులు పడును.

గతుకుల బాటలపై ప్రయాణము దూరమాపకపు అద్దములను కొంచెము కదల్చవచ్చును. దీనిని పరీక్షించుటకు మదనపల్లె వారికి ప్రకృతియే సాధనమిచ్చినది. ఊరి నుండి ఏనుగు మల్లమ్మ కొండ, అనగా హార్స్‌లీ కొండ, శిఖరపు గీతను చూచి లెన్సును అనంతమునకు త్రిప్పినచో రెండు బొమ్మలు పూర్తిగా కలియవలెను. కలియనిచో మరమ్మతు తెలిసిన వానికి ఇయ్యవలెను. స్క్రూలు త్రిప్పు సాహసము కూడదు.

పుంగనూరు పేరు చెప్పగనే పొట్టి ఆవు గుర్తునకు వచ్చును. పెద్దదైనను ఎత్తు సుమారు మూడడుగులే. దానిని నిలువుగా నిలబడి తీసినచో వీపు మాత్రమే వచ్చును, మోకాళ్లపై కూర్చుండవలెను. కూర్చుండినప్పుడు మనమును దుమ్ము ఎత్తునకే దిగుదుము. గిట్టలు రేపు ధూళి నేల నుండి రెండు మూడడుగుల వరకు దట్టముగా ఉండును. ఆ తెరలో దూరమాపకపు జంట బొమ్మ వెలవెలబోయి, కలిసినదో లేదో తెలియదు. సూర్యుడు క్రిందికి దిగి చిన్న కిటికీలో పడినప్పుడు బొమ్మ పూర్తిగా మాయమగును. అప్పుడు దూరమాపకమును మరచి లెన్సు మీది అంకెలను నమ్ముటే మార్గము. 35 మిల్లీమీటర్ల లెన్సును ఎపర్చరు 8 వద్ద ఉంచి దూరమును 3 మీటర్లకు అమర్చినచో, సుమారు 1.9 మీటర్ల నుండి 7 మీటర్ల వరకు స్పష్టముగా వచ్చును. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అదే అమరికలో 2.3 నుండి 4.2 మీటర్ల వరకు మాత్రమే. దూరమును అడుగులతో అంచనా వేయుట ఇంటివద్దనే సాధన చేయవచ్చును. మన తాతలు పొలము కొలిచినది అట్లే.

గోధూళి వేళ మంద మనకును సూర్యునకును నడుమ ఉన్నప్పుడు దుమ్ము వెలిగించిన తెరవలె ప్రకాశించును. వెలుతురు మాపకము ఆ తెరను చూచి మోసపోవును. దాని మాట విన్నచో కాపరి ముఖము నల్లబడును. ముఖము కావలెనన్నచో ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు ఎక్కువ వెలుతురు ఇయ్యవలెను. పసుపు ఫిల్టరు దూరపు కొండల నీలిమంచును తగ్గించును గాని దుమ్మును తగ్గింపదు. దుమ్ము రేణువులు పెద్దవి, అన్ని రంగులను ఒకే తీరున చెదరగొట్టును.

ఈ సీమలో బూడిద కూడ దుమ్ములో భాగమే. మొహర్రములో పీర్ల చావడి ముందటి అలావా గుండము, భారత ఉత్సవముల ముగింపున ద్రౌపదమ్మ గుడి వద్ద అగ్నిగుండము, రెండింటిలోను నిప్పుల మీద నడచు పాదముల వెంట బూడిద లేచును. రెండింటి చుట్టును నిలుచు జనములో మతభేదము కనబడదు. రాత్రివేళ రేంజ్‌ఫైండరు నిజముగా రాణించునది ఇచ్చటనే. నిప్పుల వెలుగు చాలు, జంట బొమ్మ చక్కగా కుదురును. పెద్దల అనుమతి లేక తీయరాదని వేరుగా చెప్పనక్కరలేదు. బూడిద మెత్తనిదే, గాజును కోయదు. కాని అందు క్షారము ఉన్నది. చెమటతో కలిసి లోహమునకు అంటుకొని నిలిచిపోవును కనుక ఆ రాత్రియే కెమెరా ఒడలిని బ్రష్షుతో దులుపవలెను. చాంద్రమాన గణనమున మొహర్రము ఏటేటా సుమారు 11 దినములు ముందునకు జరుగును. 2025లో అది జూలై మొదటి వారమున ముగిసినది. మరికొన్ని ఏండ్లలో నడివేసవికి చేరును. అప్పుడు బూడిదకు ఎర్రదుమ్ము కూడ తోడగును.

కుప్పము దుమ్ము వేరు. అచ్చటి ఆకుపచ్చని ఛాయ గల గ్రానైటు కుప్పం గ్రీన్ అను పేర వ్యాపారమున ప్రసిద్ధి పొందినది. క్వారీలో డ్రిల్లు దిగినప్పుడు లేచునది పాతబడిన మట్టి కాదు; అప్పుడే పగిలిన, అంచులు వాడియైన రాతిపొడి. లెన్సు వలయములోని గ్రీజు ఈ పొడిని పట్టి ఉంచును. త్రిప్పినప్పుడు కరకరమను శబ్దము వచ్చినచో అక్కడితో ఆపవలెను, బలవంతముగా త్రిప్పరాదు, నూనె అసలే వేయరాదు. లెన్సులు మార్చు కెమెరాయైనను క్వారీలో ఒకే లెన్సుతో పని ముగించుకొనవలెను.

కాని క్వారీ దగ్గర కెమెరా సంగతి రెండవది. కంటికి కనబడు పొడి క్రింద పడిపోవును. మిల్లీమీటరులో 200వ వంతు కంటె చిన్నవియైన రేణువులు కనబడవు. అవి గాలిలో తేలుచు ఊపిరితిత్తుల అడుగు వరకు పోవును. ఏండ్ల తరబడి పలుగురాతి పొడి పీల్చిన వారికి సిలికోసిస్ వచ్చును. అది నయమగు వ్యాధి కాదు. క్షయకు త్రోవ కూడ చేయును. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915 నుండి క్షయరోగులకు చికిత్స జరిగిన ఆసుపత్రి ఉన్నది. రొమ్ము ఎక్స్‌రే కూడ ఫొటోయే. ఈ దుమ్ము అందులో ఎట్లు కనబడునో వైద్యులు ఎరుగుదురు. మన కెమెరాకు గట్టి డబ్బా, మల్లుగుడ్డ, రబ్బరు బుడ్డి సమకూర్చి, డ్రిల్లు పట్టినవాడు ముఖమునకు తువాలు చుట్టుకొని నిలుచుట చూచి, ఆ తెల్లని పొగ చిత్రమున అందముగా వచ్చునని మురియుట మాకు సమ్మతము కాదు. తువాలు ఆ సన్నని పొడిని ఆపలేదు.

అయినను క్వారీకి పోవలదని మేమనము. పోయినవాడు ఏమి తీయవలెనో తెలిసి పోవలెను. డ్రిల్లునకు నీటి గొట్టము ఉన్నదా, తడి పట్టించి తొలుచుచున్నారా, పొడిగానే తొలుచుచున్నారా అనునది చిత్రము చూచిన వానికి తెలియవలెను. దుమ్మును అణచు మొదటి మార్గము నీరే కనుక. సన్నని నీటి గొట్టమును, ఫిల్ము మీది గీతను చూపరి పోల్చుకొనలేని చిత్రము సాక్ష్యమునకు పనికిరాదు. శుభ్రత అచ్చట అందము కొరకు కాదు. గాలి వచ్చు వైపున నిలిచి, ఎన్95 వంటి మాస్కు ధరించి, పనివారిని అడిగి తీయవలెను. తీసిన చిత్రము ప్రతి ఒకటి వారికి ఇయ్యవలెను. పని ముగియగనే వేరొక క్వారీకి తరలిపోవువారు పలువురు. గీత పడిన ముఖమును మరల తీయుటకు వారు అచ్చట ఉండరు.

ఇంటికి చేరిన పిమ్మట చేయు పనికి ఒక వరుస ఉన్నది. మొదట మూసిన కెమెరాను బ్రష్షుతో దులుపవలెను. పిదప రబ్బరు బుడ్డితో ఊదవలెను. మందుల అంగడిలో దొరకు మామూలు బుడ్డి చాలును. కాని క్రొత్త దానిలో తెల్లని పొడి చల్లి ఉందురు కనుక కడిగి, పూర్తిగా ఆరబెట్టి వాడవలెను. నోటితో ఊదరాదు, తుంపరలు పడును. అటుపిమ్మటనే కెమెరా వెనుక తలుపు తెరచి, ముఖము క్రిందికి వంచి, ఫిల్ము నడచు దారిని, ఒత్తుపలకను ఊదవలెను. షట్టరును వ్రేలితో గాని బ్రష్షుతో గాని తాకరాదు. లెన్సు గాజును ఊది, బ్రష్షుతో విదిలించి, ఇంకను మరక మిగిలినప్పుడు మాత్రమే ఉతికిన మెత్తని గుడ్డతో, నోటి ఆవిరి తగిలించి, నడుమ నుండి అంచునకు తేలికగా తుడువవలెను. పదిసార్లలో తొమ్మిదిసార్లు తుడువవలసిన అవసరమే రాదు. లెన్సు ముఖము మీది నాలుగు రేణువులు చిత్రమున చుక్కలుగా రావు. కాంతిని కొంచెము మసక చేయును, అంతే.

ఏ దుమ్ము ఎచ్చట చేరినదో నెగెటివే చెప్పును. ప్రింటులో నల్లని చుక్క ఉన్నచో చిత్రము తీయు వేళ రేణువు ఫిల్ము మీదనే ఉన్నదనుట: అది వెలుతురును అడ్డగించినది, నెగెటివులో ఆ చోటు తెల్లగా మిగిలినది, ప్రింటులో నల్లబడినది. తెల్లని చుక్క అయితే దోషము కెమెరాది కాదు, ప్రింటు వేయు గదిది. వీపు వైపు గీత సాధారణముగా ప్రింటులో తెల్లగా వచ్చును. వెండిపొర లేచిపోయిన గీత నల్లగా వచ్చును. అన్ని చిత్రములలో ఒకే చోట గీత ఉన్నచో ఫిల్ము నడచు దారిలోనో, చుట్ట పెదవిలోనో రవ్వ ఉన్నట్లు. ఈ చదువు రానివారు దోషమంతయు లెన్సుపై వేసి, దానినే మరల మరల తుడుతురు.

2004లో ఎప్సన్ ఆర్డీ1, 2006లో లైకా ఎం8 వచ్చి రేంజ్‌ఫైండరును డిజిటల్ యుగమునకు తెచ్చినవి. ఫిల్ము గీత బాధ వానికి లేదు. సెన్సరు మీద కూర్చున్న రేణువు మాత్రము ఊదువరకు ప్రతి చిత్రములోను ఉండును. వాని వెల కళాశాలలకు అందునది కాదు. ఉదకమండలమున హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము దొరకిన కాలము పోయినది. ఆ కర్మాగారము మూతబడినది. ఇప్పటి ఫిల్ము చాలవరకు విదేశముల నుండి వచ్చుచు ప్రియమైనది. కమిటీ పెద్దలకు మా మనవి: క్రొత్త కెమెరా కొరకు నిధి కూడబెట్టుటకు ముందు రెండు గట్టి డబ్బాలు, రెండు రబ్బరు బుడ్డులు, రెండు బ్రష్షులు, ఒక సాదా ఫిల్టరు, పది మాస్కులు కొని, పాత కెమెరాను విద్యార్థుల చేతికి ఇయ్యవలెను. ప్రతి ఫిల్ము కవరు మీద తేదీ, ఊరు, తీసినవాని పేరుతో పాటు ఆనాటి దుమ్ము ఎట్టిదో, ఎర్రమట్టియో, బూడిదయో, రాతిపొడియో, ఒక మాట వ్రాయించవలెను. మరుసటి యేట కెమెరా పట్టువానికి ఆ కవర్లే పాఠ్యపుస్తకము.